నొప్పి కాలు విడిచి నడుముకు చేరిన రోజు

గత ఏడాది నవంబరులో ఒక ఉదయం, విశాఖపట్నం మహారాణిపేటలోని మా ఇంటి వంటగదిలో నిండు గ్యాస్ బండను ఎత్తి పక్కకు తిప్పబోయినప్పుడు నడుములో ఏదో పట్టేసినట్టయింది. 14.2 కిలోల గ్యాస్‌కు బండ బరువు కూడా కలిస్తే దాదాపు 30 కిలోలవుతుంది. నడుము వంచి ఎత్తడం ఒక తప్పయితే, ఎత్తిన బరువుతో ఒళ్లు మెలితిప్పడం అంతకన్నా పెద్ద తప్పని నాకు తర్వాత తెలిసింది. రెండు రోజుల్లో ఆ నొప్పి ఎడమ పిరుదు నుంచి తొడ వెనుకగా పిక్కలోకి దిగింది. పాదం బయటి అంచు, చిటికెన వేలు మొద్దుబారాయి. గాజువాకలోని ఆఫీసుకు కాన్వెంట్ జంక్షన్ మీదుగా లారీల మధ్య స్కూటరు మీద వెళ్తుంటే, గుంతలో చక్రం పడిన ప్రతిసారీ కాలంతా కరెంటు కొట్టినట్టుండేది.

ఎముకల వైద్యుడు నన్ను వెల్లకిలా పడుకోబెట్టి కాలు తిన్నగా పైకెత్తి చూశారు, ఒంటికాలి మీద మునివేళ్లపై నిలబడమన్నారు, తర్వాత ఎంఆర్‌ఐ రాశారు. నడుము అడుగున ఎల్‌5–ఎస్‌1 అనే పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు వెనక్కి పొడుచుకొచ్చి నరాన్ని ఒత్తుతోందని అందులో తేలింది. కాలిలో బలం తగ్గలేదు కనుక ఆపరేషన్‌కు తొందర లేదని, ఇలా బయటికొచ్చిన డిస్కు చాలామందిలో కొన్ని నెలల్లో దానంతటదే కుంచించుకుపోతుందని ఆయన ధైర్యం చెప్పారు. అయితే మూత్రం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ పోయినా, పాదం ఎత్తలేకపోయినా ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి రావాలని గట్టిగా హెచ్చరించారు. నడుం నొప్పి ఉన్న ప్రతివారికీ ఈ మాట తెలిసి ఉండాలి.

మొదట చేరిన ఫిజియోథెరపీ కేంద్రంలో పది రోజులూ వేడి కాపడం, సన్నని కరెంటుతో నొప్పి తగ్గించే ఐఎఫ్‌టీ యంత్రం, నడుమును సాగదీసే ట్రాక్షన్ తప్ప మరొకటి లేదు. అక్కడి నుంచి బయటికొచ్చేటప్పుడు హాయిగా ఉండేది, సాయంత్రానికి నొప్పి మళ్లీ మొదలయ్యేది. నేను ఎలా కూర్చుంటున్నానో, ఎలా వంగుతున్నానో ఎవరూ అడగలేదు, ఒక్క వ్యాయామమైనా నేర్పలేదు. యంత్రాలను తప్పుపట్టను, కాసేపు నొప్పి తగ్గడం కూడా అవసరమే; కానీ నా చేత చేయించవలసినదేదీ చేయించకుండా పది రోజులు గడిపేశారన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది.

ఆఫీసులో ఒకరు చెప్పగా వెళ్లిన రెండో ఫిజియోథెరపిస్టు మొదటి రోజు యంత్రమే పెట్టలేదు. ముందుకు వంగమని, వెనక్కి వంగమని, బోర్లా పడుకోమని, ఒక్కో కదలికకూ నొప్పి ఎక్కడిదాకా వెళ్తోందో అడిగారు. పదిసార్లు ముందుకు వంగితే అది పిక్కకు దిగింది. బోర్లా పడుకుని మోచేతులపై ఛాతీ ఎత్తి రెండు నిమిషాలుంటే మోకాలి దాకా వెనక్కి వచ్చింది. అప్పుడామె మనిషి బొమ్మ గీసిన కాగితం ఒకటి ఇచ్చి, "రోజూ పొద్దున్నే నొప్పి ఎక్కడిదాకా ఉందో దీని మీద గీత గీయండి మాస్టారూ, ఎంత తీవ్రంగా ఉందన్నది నాకు తర్వాత చెప్పవచ్చు" అన్నారు.

నేలమీద దుప్పటి పరుచుకుని, నడుము కింది భాగాన్ని పూర్తిగా వదులుగా ఉంచి, అరచేతులతో ఛాతీని మెల్లగా పైకెత్తి దించడమే నా వ్యాయామం. ఒక్కో విడతకు పదిసార్లు, రెండు మూడు గంటలకోసారి. ఆఫీసులో పడుకోవడం కుదరదు కాబట్టి, చేతులు నడుముకు ఆనించి నిలబడి వెనక్కి వంగేవాణ్ణి. కుర్చీలో చుట్టిన తువ్వాలు నడుము వంపులో పెట్టుకుని, అరగంటకోసారి లేచేవాణ్ణి. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి కనుక లేచిన మొదటి గంటలో వంగవద్దన్నారు. అప్పటిదాకా నేను నిద్రలేవగానే వంగి బకెట్లు ఎత్తేవాణ్ణి.

తొమ్మిదో రోజున కాగితంపై గీత తొడ మధ్యకు వచ్చింది, కానీ నడుములో నొప్పి మునుపటికన్నా పెరిగింది. వ్యాయామం వికటించిందని భయపడి మానేద్దామనుకున్నాను. ఫోను చేస్తే, "కాలు ఖాళీ అవుతోంది కదా, అదే మనకు కావలసింది. నడుములో కొంచెం పెరిగినా కంగారు పడకండి, మళ్లీ పిక్కలోకి దిగితే మాత్రం వెంటనే ఆపి నాకు చెప్పండి" అన్నారామె. న్యూజిలాండ్‌కు చెందిన రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు వెనక్కి వంగితే నొప్పి కాలు విడిచిపోయే ఈ సంగతిని 1956లో అనుకోకుండా గమనించారట. తలవైపు ఎత్తుగా ఉన్న బల్లమీద ఒక రోగి పొరపాటున బోర్లా పడుకుని, నడుము వెనక్కి వంగి ఉన్న ఆ కాసేపట్లోనే కాలినొప్పి పోయిందని చెప్పాడట. ఆ ఫోను తర్వాత భయం పోయి, ఇంకా శ్రద్ధగా చేశాను. మూడో వారానికి కాగితం మీద కాలంతా తెల్లగా మిగిలింది.

ఇదే వ్యాయామం అందరికీ సరిపడదు. మా కింది వాటాలోని పెద్దాయనకు వెన్ను నాళం ఇరుకైనందువల్ల వెనక్కి వంగితే కాళ్లు లాగుతాయి, ముందుకు వంగితే ఉపశమనం కలుగుతుంది. నన్ను చూసి తానూ మొదలుపెడతానంటే, ముందు పరీక్ష చేయించుకోమని ఆయన్ను పంపించాను.

నెల దాటాక, నాలుగు కాళ్లపై ఉన్నట్టు వంగి ఎదురెదురు చేయీ కాలూ చాపడం, పక్కకు తిరిగి మోచేతిపై ఒంటిని నిలపడం వంటి బలం పెంచేవి కలిపారు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో నడవమన్నారు. మొదట్లో కాళీమాత గుడి నుంచి కుర్సురా జలాంతర్గామి దాకా వెళ్లేలోపు రెండుసార్లు కూర్చోవలసివచ్చేది. ఫిబ్రవరికల్లా ఆగకుండా వెళ్లి వస్తున్నాను. స్కూటరు మాని బస్సులో వెళ్తున్నాను. గ్యాస్ బండను ఎత్తకుండా, అడుగు అంచు మీద దొర్లించి చోటుకు చేరుస్తున్నాను.

పాదం అంచున మొద్దుబారడం ఇంకా పూర్తిగా పోలేదు. నరం కోలుకోవడానికి నొప్పి తగ్గేదానికన్నా ఎక్కువ కాలం పడుతుందట. రోజూ పడుకునేముందు అక్కడ వేలితో తాకి చూసుకుంటాను. పోయిన వారం నుంచి అది ఒక్క చిటికెన వేలి దగ్గరే ఉంది.