చిన్నమ్మ పంపిన వెన్న

సాయంత్రానికి చలి, అర్ధరాత్రి చెమటలు, పొద్దున లేస్తే జ్వరం ఉండేది కాదు, నీరసంగానే డ్యూటీకి పోయేవాణ్ని. నల్గొండలో విడాల్ టెస్టు చేసి టైఫాయిడ్ అన్నారు, మందులు వాడితే కొన్నాళ్లు తగ్గి మళ్లీ మొదలైంది. ఆ చెమట మామూలుది కాదు, బనీను పిండితే నీళ్లు కారేవి. తర్వాత నడుము కింద ఎడమవైపు నొప్పి పట్టుకుని బైకు ఎక్కడానికి కాలు కూడా లేచేది కాదు, బరువు తగ్గిపోతుంటే క్యాన్సరేమోనని నేను, టీబీ ఏమోనని నా భార్య, ఒకరికొకరం చెప్పుకోకుండానే టెన్షన్ పడ్డాం.

హైదరాబాద్‌లో చూసిన డాక్టరమ్మ మాత్రం ముందు ఒకటే అడిగారు: "పచ్చి పాలు గానీ, కాయని పాలతో చేసినవి గానీ తిన్నారా?"

తిన్నాను. దసరాకు దేవరకొండ దిక్కు నుంచి మా చిన్నమ్మ డబ్బా నిండా వెన్న పంపింది, పాలు కాయకుండానే క్రీమ్ మిషన్‌లో వేసి తీసిన మీగడతో చేసింది. ఇంట్లో అందరూ దాన్ని కరిగించి నెయ్యిగా తిన్నారు, వాళ్లకేమీ కాలేదు. నేనొక్కణ్నే వేడి జొన్నరొట్టె మీద పచ్చిదే వేసుకున్నాను.

రక్తపరీక్షలో బ్రూసెల్లోసిస్ అని తేలింది, పశువుల నుంచి మనుషులకు అంటే జబ్బు. ఈ క్రిమి జబ్బున్న పశువు పాలల్లోంచే వస్తుంది కాబట్టి చిన్నమ్మ చేతులు, గిన్నెలు ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు, పాలు బాగా మరిగిస్తే చస్తుంది. ఆరు వారాలు డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ రాశారు. మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పారు గానీ మొదటిసారి చూసినప్పుడు గుండె ఆగినంత పనైంది. జ్వరం త్వరగానే పోయింది, నడుము నొప్పి మాత్రం మెల్లగా తగ్గింది.

చిన్నమ్మకు చెప్పడమే కష్టమైంది. "నా చేతులతోనే పంపితిని గదా బిడ్డా" అని ఏడ్చింది. తప్పు నీది కాదని ఎన్నిసార్లు చెప్పానో. మాటల్లో అడిగితే, పోయినేడు ఒక బర్రె ఏడో నెలలోనే ఈసుకుపోయిందని (గర్భం పోయిందని), మాయ తనే ఉత్త చేతులతో తీశానని చెప్పింది. ఈ జబ్బు అలా కూడా అంటుకుంటుంది. అప్పటి నుంచే ఆమెకు మోకాళ్ల నొప్పులు, సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడటం, వయసు వల్లేననుకుని ఊరుకుంది. బతిమాలి టెస్టు చేయిస్తే ఆమెకూ పాజిటివే!

పశువుల డాక్టరు వచ్చి బర్రెలన్నిటికీ రక్తం తీసుకుపోయారు. ఆడ దూడలకు 4 నుంచి 8 నెలల వయసులో ఒకసారి టీకా వేస్తారు, 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద అది ఉచితమే, ఆమె దూడకూ వేయించాం. మందులు మధ్యలో ఆపితే తిరగబెడుతుందట, అందుకే రోజూ రాత్రి ఫోన్ చేసి గోలీలు వేసుకున్నావా చిన్నమ్మా అని అడుగుతున్నాను.