రెండు కాలమ్‌లలో ఒకటే అంకె

"గిదేంది బిడ్డా, తేజకు, చపాటకు లెక్క ఒక్కతీరే ఎట్ల ఉంటది?"

వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర మా కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో పొద్దున పెద్దసారు స్క్రీన్ మీద వేలు పెట్టి అడిగారు. చూస్తే నిజమే. తేజ, చపాట రెండు వేర్వేరు మిర్చి రకాలు, కానీ రెండు కాలమ్‌లలోనూ బస్తాల లెక్క ఒకటే. గుండె ఝల్లుమంది.

2025లో చపాటకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చాక దాని లెక్క వేరుగా చూడాలని ఆయన పట్టుదల. అందుకే లెక్కలను చార్టులుగా చూపే క్లిక్ సెన్స్ సాఫ్ట్‌వేర్‌లో రెండు ఆల్టర్నేట్ స్టేట్‌లు, అంటే ఒకదానితో ఒకటి కలవని విడి సెలక్షన్లు, పెట్టాను. ఒక ఫిల్టర్‌లో తేజ, ఇంకోదాంట్లో చపాట. ఫిల్టర్లు బాగానే ఉన్నాయి. సమ్ ఫార్ములాలో ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య స్టేట్ పేరే రాయలేదు. పేరు లేకపోతే చార్ట్ మామూలు సెలక్షన్‌నే తీసుకుంటుంది. అక్కడ ఏ రకమూ ఎంచలేదు కదా, రెండు చోట్లా మొత్తం మిర్చి లెక్కే వచ్చింది.

పేర్లు రాశాక అంకెలు విడిపోయాయి. కానీ నెల మారిస్తే కదల్లేదు!

ఇక్కడే గంట పట్టింది. స్టేట్‌కు తన సెలక్షన్లు తప్ప బయటివి తెలియవు. నెల రెండింటికీ ఉమ్మడిగా ఉండాలంటే డాలర్ గుర్తు, రెండు కోలన్లు, ఆ తర్వాత నెల ఫీల్డ్ పేరు రాసి మామూలు సెలక్షన్ నుంచి తెచ్చుకోవాలి. అలా రాసి నెల మార్చాను. రెండు అంకెలూ కదిలాయి. ఆ క్షణం ఎంత హాయిగా అనిపించిందో.

సాయంత్రం పెద్దసారు చూసి, "ఇగ ఇది లెక్క" అన్నారు.

నాకు మాత్రం టెన్షన్ పోలేదు. ఆ తప్పు అంకె చూసి ఎవరి సరుకైనా ఆపి ఉంటే? ఇప్పటికీ ఒక్కో ఫార్ములా తెరిచి చూస్తూనే ఉన్నా.