నడుము మీద నల్లటి పెచ్చు

పిల్లలకు అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోయి సెలవులు ఇచ్చే నాటికే నేను మంచం పట్టాను. 2024 డిసెంబరు. మా ఇల్లు తాంబరం దాటాక ఉంటుంది. చెన్నై అక్కడిదాకా వచ్చింది గానీ ఇంకా పూర్తిగా పరుచుకోలేదు. ఒక ఇల్లు, ఒక ఖాళీ స్థలం, మళ్ళీ ఒక ఇల్లు. నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినప్పుడు పడ్డ వానకు మా పక్క స్థలంలో గడ్డి, తుప్పలు మోకాలి ఎత్తు లేచాయి. మా ఆరేళ్ళవాడు కొట్టిన బంతి ఎప్పుడూ అందులోనే పడుతుంది. పాములుంటాయని వాణ్ణి దిగనివ్వను కాబట్టి వెతికి తెచ్చే పని నాదే. పాము మాత్రం ఎన్నడూ కనిపించలేదు.

జ్వరం ఒక సాయంత్రం చలితో మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. తెల్లారేసరికి కనుగుడ్ల వెనక నుంచి పొడుస్తున్నట్టు తలనొప్పి, ఒళ్ళంతా సలుపు. వానాకాలంలో చెన్నైలో జ్వరమంటే అందరి నోటా మొదట వచ్చే మాట డెంగ్యూ. దగ్గర్లోని క్లినిక్‌లో డాక్టరు గారు కూడా అదే అనుకుని రక్తపరీక్ష రాశారు. డెంగ్యూ లేదు, మలేరియా లేదు, ప్లేట్‌లెట్లు మాత్రం కాస్త తగ్గాయి. వైరల్ జ్వరం అన్నారు. పారాసిటమాల్, దానికి తోడు సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి పంపారు. ఎదురింటి పాట్టి, అంటే తమిళ బామ్మగారు, నేలవేము కషాయం కాచి పంపారు. డెంగ్యూ రోజుల్లో తమిళనాడు ప్రభుత్వం కూడా పంచే కషాయమే అది. దాని చేదు నాలుక మీద రోజంతా నిలిచింది, జ్వరం కూడా నిలిచింది.

మా ఆయన ఆ క్లినిక్ డాక్టరును ఇప్పటికీ వెనకేసుకొస్తారు, రోజుకు అంతమందిని చూసేవాళ్ళు ఏం చేస్తారని. నేను అంత ఉదారంగా లేను. ఆయన నా కాగితాలు చూశారే గానీ నన్ను చూడలేదు.

ఇంట్లో పిల్లల సెలవులు వాటి దారిన అవి నడిచాయి. బాబు రాసిన జాబితా ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంది: వండలూరు జూ, కోట్టూర్‌పురంలో బిర్లా ప్లానెటేరియం, బీచ్, నెల్లూరు. రోజూ పొద్దున వచ్చి దాన్ని పైకి చదివి వెళ్ళేవాడు. థర్మామీటరు వాడి చేతికి చిక్కాక దశాంశాలు నేర్చుకున్నాడు. "నూట మూడు పాయింట్ రెండు, అమ్మ నాటౌట్" అని హాల్లోకి అరిచేవాడు. మూడేళ్ళ పాపకు మాత్రం మూసిన తలుపు అర్థం కాలేదు. జ్వరం అంటుకుంటుందేమోనని దాన్ని నా గదిలోకి రానివ్వలేదు. అది తలుపు కింది సందులోంచి వేళ్ళు లోపలికి పెట్టి "అమ్మా, పట్టుకో" అనేది. ఈ జబ్బు మనిషి నుంచి మనిషికి రాదని తర్వాత తెలిసింది. నా అనారోగ్యం మొత్తంలో నాకు నిజంగా కోపం తెప్పించిన సంగతి అదొక్కటే. ఆ తలుపు మూసి సాధించింది ఏమీ లేదు.

క్రిస్మస్ దాటాక దగ్గు మొదలైంది, మెట్లెక్కితే ఆయాసం. మా అత్తయ్య నెల్లూరు నుంచి రైలెక్కి వచ్చేశారు. పిల్లల్ని ఆమెకు అప్పగించి ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడ చూసినావిడ పెద్ద వయసు ఫిజీషియన్. పాత రిపోర్టులు పక్కన పెట్టి నర్సును తెర లాగమన్నారు. చెవుల వెనక, చంకల్లో, రొమ్ముల కింద, ఒంటి మీది ప్రతి మడతా వెతికారు. చివరికి నడుము దగ్గర, సల్వార్ నాడా బిగించే చోట ఆగారు. అర సెంటీమీటరు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. సిగరెట్‌తో కాల్చినట్టు ఉందని మా ఆయన అన్నారు. నొప్పి లేదు, దురద లేదు. అది అక్కడ ఉన్నట్టే నాకు తెలియదు. "ఇదిగో దొరికింది" అని ఆవిడ తమిళంలో అన్నప్పుడు ఆ గొంతులో సంతోషం దాచుకోలేకపోయారు.

స్క్రబ్ టైఫస్. ఓరియెన్షియా సుత్సుగముషి అనే బాక్టీరియా. గడ్డిలో, తుప్పల్లో ఉండే ఒక రకం నల్లి (మంచాల్లో ఉండేది కాదు) పిల్లలు, కంటికి ఆననంత చిన్నవి, కుట్టినప్పుడు ఒంట్లోకి వస్తుంది. బట్ట బిగుతుగా ఉండే చోటుకు పాకి అక్కడ అంటుకుంటాయట. కుట్టిన పది పన్నెండు రోజులకు జ్వరం మొదలవుతుంది. ఎలుకలు తిరిగే ఖాళీ స్థలాలు వీటికి అనువు. ఇది అడవి జబ్బు, పల్లె జబ్బు అనుకుంటాం గానీ నగరం అంచుల్లోని మా వీధిలాంటివి వీటికి బాగానే సరిపోతాయి. తమిళనాడులో వానలు వెనకపట్టి చలి మొదలయ్యే నెలల్లోనే ఎక్కువ. 2025 జనవరి మొదట్లో రాష్ట్ర ప్రజారోగ్య శాఖ చెన్నై, చెంగల్పట్టు, కాంచీపురం వంటి జిల్లాల పేర్లు చెప్పి హెచ్చరిక కూడా ఇచ్చింది. నేను వాళ్ళకంటే కొంచెం ముందున్నాను, అంతే.

ఈ బాక్టీరియా మన కణాల లోపల దాక్కుంటుంది. అందుకే సెఫిక్సిమ్ జాతి మందులు దాన్ని ఏమీ చేయలేవు. డాక్సీసైక్లిన్ గానీ అజిత్రోమైసిన్ గానీ కావాలి. నిర్ధారణకు ఎలైజా పరీక్షకు రక్తం తీశారు, కానీ ఫలితం కోసం ఆగలేదు, ఆ రాత్రే మందు ఎక్కించారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాలేయం పరీక్షల్లో అంకెలు మామూలుకు చాలా పైన. అందుకని రెండు మందులూ సెలైన్‌లో కలిపే ఇచ్చారు. జబ్బు ముదిరినవాళ్ళకు ఒక్కో మందు విడిగా ఇవ్వడం కంటే రెండూ కలిపి ఇస్తే మేలని వేలూరు సి.ఎం.సి. వైద్యుల నాయకత్వంలో జరిగిన అధ్యయనం 2023లో తేల్చిందట. ఆవిడ అది చెబుతుంటే సగమే విన్నాను. మంచం పక్కన ఆక్సిజన్ అంకె తొంభై నాలుగు దగ్గర ఊగుతుంటే చదువు ఎక్కదు.

డిసెంబరు 28న, మందు మొదలుపెట్టిన రెండో రోజు, ఒంటి మీద చెమట పోసి జ్వరం దిగింది. మెల్‌బోర్న్ టెస్టు నడుస్తోంది. వార్డు టీవీ ముందు నర్సులు, రోగుల బంధువులు గుమిగూడారు. మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి తొంభై తొమ్మిది మీద ఉండగా బుమ్రా అవుటయ్యాడు. మిగిలిన మూడు బంతులూ సిరాజ్ కాచుకున్నాడు. ఆ తర్వాత నితీశ్ ఫోర్ కొట్టి వంద దాటగానే గ్యాలరీలో వాళ్ళ నాన్న ఏడుపు చూపించారు, నా పక్కమంచం తమిళ తాతగారు కూడా కళ్ళు తుడుచుకున్నారు. వెంటనే ఇంటి నుంచి ఫోను. "అమ్మా, నితీశ్ వంద కొట్టాడు. నీ స్కోరెంత?" తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు అన్నాను. "అయ్యో, కాస్తలో పోయింది" అన్నాడు బాబు.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. జ్వరం దిగింది కాబట్టి అందరి లెక్కలో నేను బాగైపోయాను. నా లెక్కలో మాత్రం స్నానం చేసి వస్తే పడుకోవాలి. తొడలు వణికేవి. బ్యాంకులో రోజూ చూసే ఖాతాదారుల పేర్లు గుర్తుకు రాలేదు. పిల్లలకు ఈ మధ్య దశ అన్నది ఉండదు. మంచం మీద ఉంటే అమ్మకు జ్వరం, సోఫాలో కూర్చుంటే అమ్మ ఖాళీగా ఉంది. పాప తలుపు బాకీ అంతా వడ్డీతో వసూలు చేసుకుంది. మెలకువగా ఉన్నంతసేపూ నా ఒళ్ళో, మెడ మీద, వీపు మీద. దాని బరువు మోయలేక కళ్ళలో నీళ్ళు తిరిగేవి, దించితే అది ఏడ్చేది. నిజం చెప్పాలంటే పిల్లల అరుపులు భరించలేక బాత్రూంలో కుళాయి తిప్పి కూర్చున్న పూటలున్నాయి.

అత్తయ్యకూ డాక్టరుకూ మధ్య పథ్యం యుద్ధం ఒకటి. ఆవిడ అన్నీ తినమన్నారు, ఈమె పెరుగు ముట్టనివ్వలేదు. బీరకాయ కూర, చారన్నం, వేయించిన అప్పడం. "పాలు తాగి మాత్ర వేసుకో అమ్మాయ్" అని వేడి పాలు తెచ్చేవారు. డాక్సీసైక్లిన్ పాలతో వేసుకోకూడదు, నిండు గ్లాసు నీళ్ళతో వేసుకుని అరగంట పడుకోకుండా కూర్చోవాలి, లేకపోతే గొంతు కింద పుండు పడుతుందని చెప్పాను. "పాలతో పుండా?" అన్నట్టు చూసి గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళేవారు. మా ఆయన తాగేసేవారు.

జాబితాలో ఒక్కటీ సెలవుల్లో జరగలేదు. సెలవుల ఆఖర్లో మా ఆయన పిల్లల్ని గిండీ పాముల పార్కుకు తీసుకెళ్ళారు. మా అమ్మను కుట్టిన పురుగును చూపించండి అని బాబు అక్కడి ఉద్యోగిని అడిగాడట. సంక్రాంతికి నెల్లూరు వెళ్ళగలిగాం. పాపకు భోగిపళ్ళు పోసేటప్పుడు నేను కుర్చీలో కూర్చునే పోశాను. మా ఆడపడుచు ముగ్గు వేస్తుంటే చుక్కలు లెక్క తప్పిందని చెప్పేంత ఓపిక మాత్రం వచ్చింది.

జనవరి చివర్లో కాలేయం పరీక్షలు మామూలుకొచ్చాయి. మళ్ళీ వస్తుందా అని అడిగితే రావచ్చు, దీనికి టీకా లేదు, ఒకసారి వచ్చిందని శాశ్వత రక్షణా లేదు అన్నారు డాక్టరు. వీధివాళ్ళం చందాలు వేసుకుని పక్క స్థలం శుభ్రం చేయించాం. స్థలం యజమాని ఎవరో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

మార్చిలో జుట్టు గుప్పెళ్ళుగా ఊడింది. పెద్ద జ్వరం తర్వాత రెండు మూడు నెలలకు ఇది మామూలే, దానంతట అదే వస్తుంది, ఏమీ రాయనక్కర్లేదు అన్నారు డాక్టరు. అత్తయ్య నెల్లూరు నుంచి మందార నూనె కాచి పంపారు. జుట్టు తిరిగి వచ్చింది. ఆ నూనెతోనే వచ్చిందని అత్తయ్యతో అంటాను, డాక్టరుతో నూనె మాటే ఎత్తను.