హనుమకొండ డాబా మీద వర్షమాపకం: మూడో వారం పని

వాన నీళ్లను కింది క్యాన్‌లోకి దించే గరాటు మార్చాం. పాతదాని మీద 20 సెం.మీ. అని రాసి ఉంది గానీ, లోపలి అంచుల మధ్య టేపు పెడితే 19.6 వచ్చింది. నాలుగు మిల్లీమీటర్లే కదా అనుకోవద్దు, వైశాల్యంలో 4 శాతం పోతుంది. పలచటి ప్లాస్టిక్ ఎండకు సాగి కోలగా అవుతుంది కాబట్టి నాలుగు దిక్కులా కొలిచి సగటు తీయాలి.

కొత్తది సరిగ్గా 20. అంటే 314 చదరపు సెం.మీ.; 1 మి.మీ. వానకు 31.4 మి.లీ. నీళ్లు. ఒక మి.లీ. నీళ్లు ఒక గ్రాము తూగుతాయి కాబట్టి గీతల గ్లాసు అక్కర్లేదు, వంటింటి డిజిటల్ కాటా చాలు. క్యాన్ బయట తడి తుడిచి, తూచి, ఖాళీ బరువు తీసేసి 31.4తో భాగించాలి. 785 గ్రాములు ఉంటే 25 మి.మీ. వాన.

లోపల పెట్టిన 5 లీటర్ల నూనె క్యాన్ 159 మి.మీ.కే నిండుతుంది. ముసురుకు అది ఎక్కువే. కానీ 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మి.మీ. పడింది. ఈ గరాటు కింద అది 20 లీటర్లు దాటేది. పొంగి పోయిన నీళ్లకు లెక్క ఉండదు, పైగా అసలు లెక్క కావాల్సింది అలాంటి రోజునే. అందుకే క్యాన్‌ను 25 లీటర్ల బకెట్‌లో దించాం. మూతకు గరాటు కాడ పట్టేంత రంధ్రం, చుట్టూ ఎం-సీల్. గాలివానకు ఖాళీ బకెట్ దొర్లుతుంది, నాలుగు పక్కలా ఇటుకలు ఆనించాలి.

పిట్టగోడ మూడడుగులైతే బకెట్ కనీసం ఆరడుగుల దూరంలో ఉండాలి. స్లాబు మీద చినుకు ఎగిరి గరాటులో పడకుండా కింద గోనెపట్టా పరిచాం. గరాటు అంచు మీద రసమట్టం పెట్టి చూడాలి. వేపాకు అడ్డుపడితే నీళ్లు గరాటులోనే నిలిచి పొంగుతాయి, జాలీ ముక్క తప్పనిసరి.

రీడింగ్ ఉదయం 8:30కే. వాతావరణ శాఖ రోజు లెక్క అప్పుడే ముగుస్తుంది, పోల్చుకోవడానికి వీలు. జూన్ 1 నుంచి మొత్తం కూడా పక్కన రాయాలి. నల్లరేగడిలో 60–75 మి.మీ. పడ్డాకే పత్తి గింజ పెట్టాలంటారు. తొందరపడితే గింజ భూమిలోనే మాడిపోతుంది, విత్తనం మళ్లీ కొనాలి. అయితే హనుమకొండలో దంచిన వాన పరకాలలో చినుకు కూడా రాల్చకపోవచ్చు. డాబా లెక్క చూసి చేన్లో గింజ పెట్టకూడదు. రెండో మాపకం చేను గట్టు మీదికే, అంచు నేలకు 30 సెం.మీ. ఎత్తులో. దానికి గరాటు దొరికింది, బకెట్ ఇంకా వెతకాలి.