రెండు పెద్ద కుక్కలు, ఒక చిన్న బోటు: వశిష్ఠ మీదుగా సముద్రానికి

నర్సాపురంలో ఉండేవాళ్లకి సముద్రం చూడాలంటే బోటే ఎక్కనక్కర్లేదు. పేరుపాలెం బీచ్‌కి కారులో పోవచ్చు. అంతర్వేదికైతే కారుతో సహా పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగొచ్చు. మా చిక్కల్లా ఇంట్లో ఉన్న శాల్తీలతోనే. ఒకటి లాబ్రడార్, పేరు బ్రూనో. ఇంకోటి జర్మన్ షెపర్డ్, పేరు రాణి. ఆదివారం పూట పేరుపాలెంలో వీటిని కారు దింపితే చాలు, ఒకపక్క పిల్లల ఏడుపులు, ఇంకోపక్క పెద్దల కేకలు, ఆ వెనకే అక్కడి వీధికుక్కలన్నీ గుంపు కట్టి రావడం. అంతర్వేది తీర్థం రోజుల్లో, అంటే భీష్మ ఏకాదశి అటూ ఇటూ, అక్కడ మనుషులకే కాలు పెట్టే చోటుండదు. అదే నది మీద దిగువకి పోతే, బియ్యపుతిప్ప వైపు, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేటలు ఖాళీగా పడుంటాయి. మా బావకి చిన్న ఫైబర్ బోటు ఒకటి ఉంది. 18 అడుగులది, వెనక ఇంజిన్ తగిలించుకునే రకం.

బోటు బావదే అయినా దాని మీద పెత్తనం మాత్రం నడిపే బాబాయ్‌ది. ఆయన ఊ అంటేనే అది కదులుతుంది. సంగతి చెప్పగానే నవ్వి, "కుక్కలేంటండి అబ్బాయిగారూ, దూడలండి అవి" అన్నాడు. రెండూ కలిపి ఒక మనిషి బరువే కదా అంటే నమ్మలేదు. మాటలెందుకని రొయ్యలు తూచే కాటా మీద నిలబెట్టాం. బ్రూనో 36 కిలోలు, రాణి 31. మొత్తం 67. బాబాయ్ ముల్లు వంక చూసి, "మనిషైతే కూర్చోమంటే కూర్చుంటాడండి. ఇవి కూర్చుంటాయా?" అని అడిగాడు.

అసలు విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. కుక్కకి ఈత వచ్చా రాదా అని చాలామంది కంగారు పడతారు గానీ, చిన్న బోటులో దానికంటే ముందు చూసుకోవాల్సింది కదిలే బరువు. మధ్యలో పడుకున్న 36 కిలోలు ఏం చెయ్యవు. అవే ఒక్కసారిగా అంచుకొస్తే బోటు ఒరుగుతుంది. దానికి తోడు అది పడిపోతుందేమోనని మనం కూడా అటే ఎగబడతాం. బాబాయ్ లెక్కలో బోటు తిరగబడేది కుక్క వల్ల కాదు, దాన్ని పట్టుకోబోయే మనుషుల వల్ల. అందుకని ఆయన పెట్టిన షరతు ఒకటే: నీళ్లలోకి దిగకముందే, ఒడ్డున ఉన్న బోటులో అవి కూర్చుని చూపించాలి.

అలా రేవు పక్కన ఒడ్డెక్కించి ఉన్న బోటే మా బడి అయింది. మొదట ఇంజిన్ లేకుండా ఎక్కించడం, దించడం. బ్రూనోకి ఉడికించిన కోడిగుడ్డు ముక్క చూపిస్తే బోటేంటి, కొబ్బరిచెట్టైనా ఎక్కుతాడు. రాణి అలా కాదు. ఫైబర్ మీద గోళ్లు జారగానే వెనక్కి లాగేసింది, ఆ తర్వాత ఎంత బతిమాలినా ఎక్కనంది. ఏరు దాటితే కోనసీమే, కొబ్బరిపీచుకి కరువా? పీచు పట్టా ఒకటి తెచ్చి, బోటు అడుగు కొలతకి కోసి పరిచాం. కాలికి పట్టు దొరికింది, రాణికి ధైర్యం వచ్చింది. ఈ పట్టా వల్ల ఇంకో లాభం ఉంది: ఎండ ఎక్కితే ఫైబర్ కాలిపోతుంది, తడిపిన పట్టా మాత్రం చల్లగా ఉంటుంది. తర్వాత బోటు ఒడ్డునే ఉండగా తమ్ముడు అటూ ఇటూ ఊపడం, నేను "కూర్చో" అనడం. ఆ తర్వాత ఇంజిన్ చప్పుడు, ముందు దూరంగా, రోజురోజుకీ దగ్గరగా. రేవులో బట్టలుతికే ఆడవాళ్లకి కొన్నాళ్లపాటు మంచి కాలక్షేపం.

జాకెట్ల దగ్గర వాదనే రాలేదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగాక, లైఫ్ జాకెట్ లేనివాణ్ని బాబాయ్ తన బోటు ఎక్కనివ్వడు. కుక్కలకీ అంతే అన్నాడు. కుక్కల జాకెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కొనేటప్పుడు రంగు కన్నా వీపు మీద ఉండే పట్టీ చూడండి. మనం చేత్తో పట్టుకుని పైకి లాగేది దాన్నే, కాబట్టి అది కుట్లతో గట్టిగా ఉండాలి. కొలత ఛాతీ చుట్టూ, ముందుకాళ్ల వెనక నుంచి తీసుకోవాలి. జర్మన్ షెపర్డ్‌కి మెడ దగ్గర జూలు ఒత్తుగా ఉంటుంది, పైపైన కొలిస్తే జాకెట్ తర్వాత వదులైపోతుంది. వేసి చెరువులో ఈదించి చూశాకే నమ్మాం. లాబ్రడార్‌కి జాకెట్ ఎందుకండీ, పుట్టుకతోనే ఈతగాడు కదా అని అడిగినవాళ్లున్నారు. ఈతగాడే, కానీ నీళ్లు సముద్రంలోకి దిగే పాటు లాగుతున్నప్పుడు మొగ దగ్గర ఏ ఈతగాడైనా ఎంతసేపు ఈదుతాడు?

కట్టెయ్యడం దగ్గర మాత్రం మాటామాటా పెరిగింది. గొలుసుతో అడ్డబల్లకి కట్టేస్తే కదలవు కదా అని బాబాయ్. బోటు తిరగబడితే కట్టిన కుక్క దాని కిందే ఉండిపోతుంది కదా అని నేను. బావ మధ్యలో దూరి తెగ్గొట్టాడు: కట్టడం లేదు, చెరో కుక్కకీ చెరో మనిషి, పొట్టి తాడు చేతిలో. ఆ తాడు మెడపట్టీకి కాదు, ఒంటికి వేసే హార్నెస్‌కి. చేతికి మెలిపెట్టుకోకూడదు, వదలాల్సి వస్తే వేళ్లు విప్పగానే జారిపోవాలి.

ఇక ఎప్పుడు వెళ్లాలన్నది. జూలై నుంచి సెప్టెంబర్ దాకా గోదావరికి వరద. ఆ ఎర్రనీళ్లలో పులస కోసం దిగేవాళ్ల సంగతి వేరు, కుక్కల షికారుకి అది కాలం కాదు. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల భయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం కాబట్టి రేవులో మనుషులు తీరిగ్గా దొరుకుతారు, అయితే రోహిణి కార్తె ఎండలో ఒంటినిండా బొచ్చున్న జీవాన్ని ఇసుక మీదకి తీసుకెళ్లడం పాపం. జనవరి మొదలుకొని తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే రోజులు. అన్నీ తీసేస్తే మాకు మిగిలింది డిసెంబర్.

తిథి కూడా చూశాం. అమావాస్యకీ పున్నానికీ పోటుపాట్ల జోరెక్కువ, అష్టమి నవముల్లో తక్కువ. అష్టమి నాడు మా ఇంట్లో కొత్త చీపురైనా కొనరు. మా అమ్మ అదే మాట అంటే, మేం పెళ్లికి వెళ్లడం లేదు, కుక్కల్ని తిప్పడానికి వెళ్తున్నాం అని సర్దిచెప్పాం. నీళ్లు దిగే పాటుతో కిందకి పోవడం, ఎక్కే పోటుతో పైకి రావడం, ఇదీ ప్లాను. పాటు బలంగా దిగుతున్నప్పుడు మొగ దగ్గర ఎదురు అలలు నిటారుగా లేస్తాయి, అందుకని పాటు ఆఖర్లో అక్కడికి చేరాలి. పొద్దు పది దాటితే సముద్రపు గాలి పుంజుకుంటుంది, ఆ లోపే వెనక్కి తిరగాలి.

వెళ్లే రోజు తెల్లవారుజామున పొగమంచు. అవతలి ఒడ్డు కనబడేదాకా బాబాయ్ ఇంజిన్ ముట్టలేదు. ఆ ఆలస్యం ఒకందుకు మంచిదే అయింది, రెండిటికీ రేవు గట్టున అన్ని పనులూ పూర్తయ్యాయి. పొద్దున్న తిండి పెట్టలేదు. బోటు ఊపుకి కక్కితే శుభ్రం చెయ్యడం కాదు సమస్య, కక్కుతూ లేచి తిరగడం.

బ్రూనో మధ్యలో, తమ్ముడి మోకాళ్ల మధ్య. రాణి వాడికి ముందు, నా దగ్గర. నది వెడల్పయ్యేదాకా బానే ఉంది. అక్కడ వలలు కట్టే వెదురు గెడల మీద నీటికాకులు వరసగా కూర్చుని రెక్కలారబెట్టుకుంటున్నాయి. మేం పక్కనుంచి పోతుంటే అన్నీ ఒకేసారి లేచాయి. బ్రూనో చెవులు ముందుకొచ్చాయి, నోరు మూసుకుంది, వెనక కాళ్ల కింద పీచు పట్టా ముడత పడింది. లేస్తాడని తెలిసిపోయింది. తమ్ముడు కూడా లేవబోయాడు. వెనకనుంచి బాబాయ్ అరిచాడు, "మీరు లేవకండి!" అరిచింది కుక్క మీద కాదు, మా మీద. తమ్ముడు అలాగే కూర్చుని తాడు కిందకి నొక్కి "కూర్చో" అన్నాడు. బ్రూనో పక్షుల్ని చూశాడు, తమ్ముణ్ని చూశాడు, కూలబడ్డాడు. బోటు కొంచెం ఊగి సర్దుకుంది. ఒడ్డున ఊపి ఊపి నేర్పించిందంతా ఆ రెండు క్షణాల కోసమే. గుడ్డు ముక్క వెంటనే ఇచ్చాం, రాణికి కూడా. ఆవిడేం చెయ్యకపోయినా వాటా ఇవ్వకపోతే ఊరుకోదు.

మొగ దాటి సముద్రంలోకి పోలేదు, ఆ ఉద్దేశమే లేదు. ఇసుక మేటకి నదివైపే బోటు ఆపి, అవతలికి నడిచిపోతే సముద్రం. ఆపడంలో ఒక కిటుకుంది. పాటు మొదట్లో ఒడ్డెక్కిస్తే నీళ్లు దిగిపోయి బోటు ఇసుకలో కూర్చుండిపోతుంది. పాటు ఆఖర్లో ఎక్కిస్తే కాసేపటికి పోటొచ్చి దాన్ని అదే తేలుస్తుంది. అందుకని లంగరు మాత్రం వెయ్యాలి, లేకపోతే మనం బీచ్‌లో, బోటు తన దారిన. బోటు ముక్కు ఇసుకకి తగిలి, ఇంజిన్ ఆగి, దాని రెక్క నీళ్లలోంచి పైకి లేచేదాకా కుక్కల్ని దించకూడదు. తొందరపడి దూకే లాబ్రడార్‌కి ఇది నేర్పడానికే మాకు ఎక్కువ గుడ్లయ్యాయి.

ఇసుక మీద మొదటి పరీక్ష నెత్తళ్లు. ఎవరో వలల మీద పరిచి ఎండబెట్టుకున్నారు, కాపలాకి ఒక పెద్దావిడ గొడుగేసుకుని కూర్చుంది. ఆ వాసనకి బ్రూనో ముక్కు గాల్లోకి లేచింది. చుట్టూ పెద్ద తిప్పు తిప్పి తీసుకెళ్లాం. తొక్కితే గోళ్లకి వల చిరుగుతుంది, మూతి పెడితే ఒకరి కూలి పోతుంది. ఆవిడ మాత్రం "ఎంతెంత తింటాయయ్యా ఇవి?" అని అడిగి, మా జవాబు విని బుగ్గన చెయ్యేసుకుంది.

అలల్లో ఆట గురించి చెప్పేదేముంది, అన్ని కుక్కలూ ఒకటే. జాగ్రత్తలు వేరు. బ్రూనో ఆడుతూ ఉప్పునీళ్లు మింగుతాడు, ఎక్కువైతే వాంతులు, విరేచనాలు. అందుకే కాసేపటికోసారి పక్కకి పిలిచి మంచినీళ్లు పట్టాం. మనుషుల కన్నా కుక్కల కోసమే ఎక్కువ క్యాన్లు మోశాం. వలలోంచి తీసి పారేసిన చేపల్లో పొట్ట ఉబ్బిన చేప ఒకటి ఉంటుంది, అది విషం, ఎండినా విషమే. నోట్లో ఏముందో చూసి లాక్కోవడమే నా పని. రాణికి పీతల కన్నాలు తవ్వే పిచ్చి. డిసెంబర్ కాబట్టి తవ్వనిచ్చాం. అదే ఫిబ్రవరైతే ఆ ముక్కుకి ముందు తగిలేది ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్ల గుంట. తాబేలు వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జీవం. కుక్కలు తవ్వి తినేసే గుంటలు తక్కువేం కాదు, అందుకే ఆంధ్ర తీరంలో కొన్నిచోట్ల అటవీశాఖ ఆ గుడ్లు ఏరి కంచె లోపల పొదిగిస్తుంది. ఆ నెలల్లో మాత్రం మా వాళ్లకి ఇసుక మేట బంద్.

తిరుగు ప్రయాణంలో ఎక్కించడం, దింపడం కన్నా కష్టం. అప్పటికి పోటెక్కి బోటు నడుములోతు నీళ్లలో తేలుతోంది. బొచ్చు తడిసిన కుక్క కాటా చూపించిన బరువు కాదు. పక్కనుంచి లాగితే బోటు మన మీదకే ఒరుగుతుంది, అందుకని ముందువైపు నుంచి ఎక్కించాం. బాబాయ్ బరువు సరిచెయ్యడానికి వెనకే కూర్చున్నాడు. తమ్ముడు లోపలినుంచి జాకెట్ పట్టీ పట్టుకున్నాడు, నేను నీళ్లలో నిలబడి ముందుకాళ్లు అంచు మీద పెట్టించి, వెనకనుంచి పిర్ర కింద భుజం ఆనించి తోశాను. బ్రూనో లోపల పడ్డాడు. పడ్డవాడు నిలబడి ఒళ్లు దులిపాడు. ముక్కు దగ్గర మొదలైన ఆ వణుకు చెవులు, మెడ, వీపు మీదుగా తోక చివర దాకా పోయింది, బోటంతా టపటపలాడింది, బాబాయ్ కొత్త తువ్వాలు తడిసి ముద్దయింది. రాణి మర్యాదగా ఎక్కింది గానీ దులపడంలో తనేం తక్కువ తినలేదు.

ఇంటికొచ్చాక మంచినీళ్లతో స్నానం, చెవులు పొడిగుడ్డతో తుడవడం, వేళ్ల మధ్య గుల్లలు గీరుకున్నాయేమో చూడటం. రేవుల్లో, చెరువు గట్ల మీద ఎలకలెక్కువ, వాటి మూత్రం కలిసిన నీళ్లతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. దానికి టీకా ఏటా వేసే సూదుల్లోనే కలిపి ఉంటుంది, వెళ్లేముందు పుస్తకంలో తేదీ చూసుకోమని డాక్టర్‌గారు ముందే చెప్పారు, చూసుకునే వెళ్లాం.

మొన్న భీమవరం నుంచి చుట్టాలబ్బాయి ఫోన్ చేశాడు. వాళ్లింట్లో గ్రేట్ డేన్ ఉందట, దాన్ని కూడా తీసుకెళ్లమంటాడు. ఫోన్ బాబాయ్‌కిచ్చాను. "బరువెంతండి?" అని అడిగాడు. వాడు చెప్పాడు. "కూర్చోమంటే కూర్చుంటదాండి?" అని అడిగాడు. అవతలినుంచి ఇంకా జవాబు రాలేదు.