లేచి, నడిచి, తిరిగొచ్చి కూర్చోండి మామ్మగారూ

రాజమండ్రిలో పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయించడం నా పని. చాలా ఇళ్ల నుంచి నాకు ఫోన్ వచ్చేది వాళ్లు పడ్డాకే. తుంటి ఆపరేషన్ అయిపోయి, వాకర్ కొనేసి, అప్పుడు పిలుస్తారు. ఈమధ్య పడకముందే పిలిచేవాళ్లు కూడా కనిపిస్తున్నారు. ఎక్కువమంది దూరాన ఉన్న పిల్లలే. "వీడియో కాల్‌లో అమ్మ నడక ఎందుకో తేడాగా ఉందండీ, ఓసారి చూసొస్తారా" అంటారు. చెప్పొద్దూ, అలాంటి ఫోన్ వస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

మొన్న అలాగే ఒక మామ్మగారి ఇంటికి వెళ్లాను. డెబ్బై దాటాయి. "నాకేమైందమ్మాయ్, రోజూ గుడికి వెళ్లొస్తన్నాగా" అని కాఫీ చేతికిచ్చారు. ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా అంటే "అబ్బే" అన్నారు. ఈ జవాబు దగ్గర ఆగకూడదు. పెరట్లో ఎప్పుడైనా జారారా, లేవబోయి మళ్లీ మంచం మీద కూలబడ్డారా, నడుస్తూ గోడ పట్టుకుంటున్నారా అని విడివిడిగా అడగాలి. "ఆఁ, కొళాయి దగ్గర నాచు మీద కాలు జారి కూలబడ్డా. అదీ పడ్డమేనా?" అన్నారు. ఎముక విరిగితేనే వాళ్ల లెక్కలో పడ్డట్టు. కొడుక్కి చెప్పలేదట, చెబితే పెరట్లోకి వెళ్లనివ్వడని.

ఆ తర్వాత పరీక్ష. లేచి నడిచి వచ్చి కూర్చోడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసే పరీక్ష ఇది. "టైమ్డ్ అప్ అండ్ గో" దీని పేరు, మా వాళ్లు పొట్టిగా టగ్ టెస్ట్ అంటారు. 1991లో పాడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు ప్రచురించారు. చేతులున్న కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. రోజూ వేసుకునే చెప్పులతోనే, చేతికర్ర వాడేవాళ్లయితే కర్రతోనే. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క వేయమని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. ఇంట్లో చేసేటప్పుడు కుర్చీ గోడకు ఆనించాలి. పల్చటి ప్లాస్టిక్ కుర్చీ వద్దు, చేతుల మీద బరువు వేస్తే వంగిపోతుంది. పక్కన మనిషి ఉండాలి.

ఒక ఆరోగ్య శిబిరంలో పెద్దవాళ్లను వరసలో నిలబెట్టి, చీటీ మీద "14 సెకన్లు" అని రాసి పంపించేయడం చూశాను. ఆ చీటీ పట్టుకుని వాళ్లేం చేస్తారు? 14 సెకన్లు ఎక్కడ ఖర్చయ్యాయో చూసినవాళ్లకే తర్వాత ఏం చేయాలో తెలుస్తుంది.

మామ్మగారు లేవడానికి ముందుకు ఊగి, మళ్లీ ఊగి, చేతులతో గట్టిగా నొక్కి లేచారు. తొడల్లో బలం తగ్గిందన్నమాట. ఇది తేల్చుకోవడానికి ఇంకో పరీక్ష ఉంది: చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టడం. 70 నుంచి 74 ఏళ్ల ఆడవాళ్లు పదిసార్లకు తక్కువ చేస్తే బలం చాలనట్టు.

కొందరు లేస్తారు కానీ అడుగు వేయరు. ఒక్క క్షణం అలా నిలబడిపోతారు. నేను వెంటనే బీపీ మిషన్ తీస్తాను. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డ నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూస్తాను. పై సంఖ్య 20 గానీ కింది సంఖ్య 10 గానీ పడిపోతే సంగతి కాళ్లలో లేదు. బీపీ మాత్రలు, ప్రోస్టేట్‌కి వాడే కొన్ని మాత్రలు ఇలా చేస్తాయి. అసలు నీళ్లు సరిగా తాగకపోయినా అంతే. మాత్రల పెట్టె మొత్తం డాక్టరుగారికి చూపించాలి, సొంతంగా ఆపేయకూడదు. రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు పడ్డవాళ్లలో చాలామంది దగ్గర నేను ముందు అడిగేది ఈ మాత్రల గురించే.

నడకలో నేను చూపు ఎక్కడుందో గమనిస్తాను. షుగరు చాలాకాలంగా ఉన్నవాళ్లకు అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది. కాలు ఎక్కడ పడుతోందో కళ్లతో చూసుకుంటేనే తెలుస్తుంది, అందుకే నేలకేసే చూస్తూ నడుస్తారు. కరెంటు పోయినప్పుడు వాళ్లు అడుగు వేయలేరు.

ఇంత చూసినా, అన్నిటికంటే ఎక్కువ నేను కనిపెట్టేది వెనక్కి తిరగడాన్ని. మామూలుగా ముందు తల తిరుగుతుంది, తర్వాత భుజాలు, తర్వాత కాళ్లు. పట్టు తగ్గినవాళ్లు బీరువాను మూలల మీద జరిపినట్టు ఒళ్లంతా ఒక్కముక్కగా, బోలెడు చిన్న అడుగులతో తిరుగుతారు. మన బాత్రూముల్లో, వంటగట్టు దగ్గర మనిషి చేసేదంతా తిరగడమే కదా. పైగా తిరుగుతూ పడితే పక్కకు పడతారు, దెబ్బ నేరుగా తుంటికి తగులుతుంది. మామ్మగారు రెండోసారి నడుస్తుండగా "మనవరాలి పెళ్లి ఎప్పుడండీ?" అన్నాను. టక్కున ఆగి, నా వైపు చూసి, "మాఘంలో" అని అప్పుడు కదిలారు. నడుస్తూ మాట్లాడలేక ఆగిపోయేవాళ్లు ఎక్కువగా పడుతున్నారని స్వీడన్‌లో 1997లోనే గమనించారు. వాళ్లకు నడకే మనసంతా పెట్టి చేయాల్సిన పని అయిపోయిందని దానర్థం.

అయితే ఈ పరీక్ష కుర్చీల ఇళ్లలో పుట్టింది. మన పెద్దవాళ్లు నేల మీద పీట వేసుకుని కూరగాయలు తరుగుతారు, ఎత్తు గడపలు దాటుతారు, తడి గచ్చు మీద ఉత్త కాళ్లతో నడుస్తారు. ఒక మాస్టారు 10 సెకన్లలో దర్జాగా ముగించారు. ఇక బాత్రూమ్ దాకా నడవండి అన్నాను. మెట్టు దిగేటప్పుడు పైన, కింద రెండు రకాల పవరున్న కళ్లద్దాల్లోంచి చూస్తూ మెట్టు అంచు వెతుక్కున్నారు, చెయ్యి వెళ్లి తువ్వాలు ఆరేసే రాడ్డును పట్టుకుంది. ఆ రాడ్డు తువ్వాలునే మోయగలదు. గోడలోకి దిగగొట్టిన స్టీలు హ్యాండిల్ అదే రోజు పెట్టించమన్నాను. టైల్స్ పాడవుతాయని వాళ్ల అబ్బాయి నసిగాడు. తుంటి ఆపరేషన్ బిల్లు ఎంతవుతుందో చెప్పాక మేస్త్రీకి ఫోన్ చేశాడు.

భయపడి "నువ్వు కుర్చీలోంచి కదలకు" అనే పిల్లలతోనే నాకు అసలు గొడవ. కదలకపోతే ఉన్న బలం కూడా పోతుంది. వ్యాయామంతో పడటాలు సుమారు 23 శాతం తగ్గాయని చాలా పరిశోధనలను కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2019 నాటి సమీక్షలో తేల్చింది. వాటిలో బాగా పనిచేసేవి బ్యాలెన్స్‌కు సంబంధించినవే.

మామ్మగారికి వంటగట్టు పట్టుకుని ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి పది సెకన్లు నిలబడటం నేర్పాను. సీరియల్లో యాడ్స్ వచ్చినప్పుడల్లా కుర్చీలోంచి లేచి కూర్చోమన్నాను. చీర కుచ్చిళ్లు అడ్డమొస్తున్నాయి, నైటీలో చేస్తానన్నారు. ఆ నైటీ ఇంకా పొడుగు, బొటనవేలి కిందికి పోతోంది. నాలుగు వేళ్లు పైకి మడిచి కుట్టమని కోడలికి చెప్పొచ్చాను.