వెంట్రుకవాసిలో కత్తి

నిన్న రాత్రి రెండింటికి నా గేమ్ ఇన్వెంటరీ (వస్తువుల ఖాతా) ఖాళీ అయింది. కౌంటర్ స్ట్రైక్‌లో రెండేళ్లుగా పోగేసుకున్న స్కిన్లన్నీ (ఆటలో ఆయుధాలకుండే రంగుల డిజైన్లు) ఒక కేస్ బ్యాటిల్ సైటుకి సమర్పయామి.

తెలియనివాళ్ల కోసం: ఇద్దరో నలుగురో ఒకే రకం పెట్టెల్ని (ఏ వస్తువు వస్తుందో తెలియని కేస్‌లని) ఒకేసారి తెరుస్తారు. ఎవరికి వచ్చిన వస్తువుల విలువ ఎక్కువైతే అందరివీ వాళ్లకే. అవతలివాడిని ఓడిస్తున్నాం అనిపిస్తుంది. నిజానికి ఇద్దరం సైటు వాటా ముందే కట్టేసి, మిగిలిన దానికోసం కొట్టుకుంటున్నాం.

ఆఖరి రౌండ్ ఇంకా కళ్ల ముందే ఉంది. బొమ్మల వరుస టకటకా జరిగి, నెమ్మదించి, కత్తి మీదికి వచ్చింది. ఆగిందనుకున్నా. ఇంకో వెంట్రుకవాసి జరిగి చవకైన నీలం రకం తుపాకీ మీద ఆగింది. "అయ్యో, కొద్దిలో పోయిందే" అనుకుని మళ్లీ డిపాజిట్ చేశా. కొద్దిలో పోవడమేమిటి, నా మొహం! ఫలితం సర్వర్‌లో ముందే తేలిపోతుంది. ఆ తిరగడమంతా మనకోసం ఆడే నాటకం.

అసలు గేమ్‌లోని పెట్టెల లెక్క చైనా నిబంధనల పుణ్యాన 2017లోనే బయటికొచ్చింది. కత్తిలాంటి అరుదైన వస్తువు వచ్చే అవకాశం 0.26 శాతం, అంటే సగటున 385 పెట్టెలకి ఒకటి. నీలం రకానివి దాదాపు 80 శాతం. ఇదంతా నాకు నిన్నటికి ముందే తెలుసు. అదే ఎక్కువ మండుతోంది.

గెలిచిన రెండుసార్లూ స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టా. ఓడినవి ఇదిగో, ఇప్పుడే చెబుతున్నా.

పొద్దున తమ్ముడు అడిగాడు, "అన్నా, నీ ఎర్ర ఏకే కనబడట్లేదేంటి?" అని.

అమ్మేశానన్నా.